ఉదయగిరిలో 0డబ్ల్యూ-20 ఎందుకు దొరకదు? కందెన నుంచి సింథటిక్ దాకా ఇంజన్ ఆయిల్ కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం ఉదయగిరి నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్. "అన్నా, మా నాయన కొత్త కారు కొన్నాడు. మాన్యువల్లో 0డబ్ల్యూ-20 ఆయిల్ అని ఉంది. ఉదయగిరిలో లేదు. ఆత్మకూరు పోయి నాలుగు షాపులు తిరిగా, యాడా లేదు. షాపాయన 20డబ్ల్యూ-40 చేతిలో పెట్టి, అన్నీ ఒకటే అబ్బయ్యా, పోసుకో అంటున్నాడు. పోయించమంటావా?"

ముందు జవాబు చెప్పేస్తా. వద్దు. ఆ కారులో 20డబ్ల్యూ-40 పోయొద్దు. దాని బదులు ఏం పోయొచ్చో కూడా చెప్తా, ఆగండి. కానీ నాకు ఆ షాపాయన మాట మీదే ఆలోచన పోయింది. "అన్నీ ఒకటే" అని ఆయన మోసం చేయడానికి అనలేదు. మన మెట్ట ప్రాంతంలో నలభై ఏళ్ళ పాటు ఆ మాట దాదాపు నిజం. ఎప్పుడు నిజమైంది, ఎప్పుడు కాకుండా పోయింది అనేదే ఇవాళ్టి కథ. లక్షలు పెట్టి కొన్న ఇంజన్ కదా, తెలుసుకుంటే పోయేదేం లేదు.

ఆత్మకూరులో గానీ, ఉదయగిరిలో గానీ, వింజమూరులో గానీ ఏ ఆటోమొబైల్ షాపుకైనా వెళ్ళండి. రాక్ మీద ఉండేవి ఇవే: బైకులకి 20డబ్ల్యూ-40, ట్రాక్టర్లకీ లారీలకీ 15డబ్ల్యూ-40, గేర్‌బాక్సుకి 90 నంబర్ ఆయిల్, కొంచెం 2టీ, ఒక మూల గ్రీజు డబ్బాలు. ఇంకేదైనా అడిగితే "నెల్లూరు నుంచి తెప్పించాల" అంటారు. నెల్లూరు ఆత్మకూరుకి యాభై అరవై కిలోమీటర్లు, ఉదయగిరికి వంద దాకా. రైలు లేదు. నడికుడి-శ్రీకాళహస్తి లైన్ ఆత్మకూరు మీదుగా పోవాలి, అది ఎన్నేళ్ళ నుంచి పని జరుగుతోందో మీకే తెలుసు. కాబట్టి షాపులో ఉండే సరుకు ఏదంటే, ఊళ్ళో వందలో తొంభై బళ్ళకి పనికొచ్చేది. మిగతా పది బళ్ళవాళ్ళ తిప్పలు వాళ్ళవి.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మన ఊళ్ళలో మొట్టమొదటి లూబ్రికెంట్ ఏంటి? కందెన.

ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి ఈ మాట తెలియకపోవచ్చు. ఎడ్లబండి చక్రం, ఇరుసు మీద తిరుగుతుంది కదా, అక్కడ రాపిడి తగ్గడానికి పూసే నల్లటి ముద్ద. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి నూరేవాళ్ళు. దాన్ని ఒక వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసేవాళ్ళు. మా తాతకి బండి ఉండేది. కందెన వేయకుండా బయల్దేరితే ఇరుసు చేసే కిర్రుమనే చప్పుడు రెండు ఫర్లాంగులు వినపడేదని, ఆ చప్పుడుకి ఊళ్ళో పరువు పోయేదని చెప్పేవాడు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచాడని స్కూల్లో చదువుకున్నాం. అన్ని నెలల ముట్టడికి తిండిగింజలు మోసిన బళ్ళన్నీ కూడా ఇలాంటి కందెనతోనే తిరిగి ఉండాలి. చరిత్ర పుస్తకాల్లో ఏనుగులు, గుర్రాలు ఉంటాయి గానీ కందెన గొట్టం ఉండదు, అదే నా బాధ.

ఆ ముద్దలో తెలివి చూడండి. ఆముదం రాపిడి తగ్గిస్తుంది. మసి దాన్ని చిక్కబరిచి, ఎండకి కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇవాళ్టి గ్రీజు కూడా సూత్రంలో ఇంతే: నూనె ప్లస్ దాన్ని పట్టి ఉంచే ఒక చిక్కటి పదార్థం.

ఆముదమే ఎందుకు, వేరుశనగ నూనె ఎందుకు కాదు? మామూలు వంటనూనెల కంటే ఆముదం చాలా చిక్కన. దాన్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం అనే ఒకే రకం ఫ్యాటీ ఆమ్లం ఉంటుంది. దాని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. లోహం మీద కూడా బాగా అతుక్కుంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆముదం చిక్కదనం కొలిస్తే, ఈనాటి లెక్కలో ఎస్ఏఈ 50 ఆయిల్‌కి సమానంగా వస్తుంది. అంటే మన తాతలు ఎండాకాలంలో ఇరుసుకి పూసింది 50 గ్రేడు అన్నమాట. లేబుల్ లేదు, అంతే తేడా.

1856లో మద్రాసు రాయపురం నుంచి దక్షిణాదిలో మొదటి రైలు కదిలింది. రైళ్ళొచ్చాక ఆముదానికి గిరాకీ పెరిగింది. భారతదేశంలో రైల్వేలు ఇంజన్లకీ బోగీ ఇరుసులకీ ఆముదం వాడాయి, సిగ్నల్ దీపాల్లో కూడా అదే. ఇంగ్లండు నుంచి కందెన సామాను ఓడలో తెప్పించుకోవడం కంటే ఇక్కడ గానుగలో ఆడించిన ఆముదం చవక. చూశారా, "దొరకని దాని బదులు దొరికేది" అనే పని మనతోనే మొదలవలేదు.

ఇదే ఆముదం తర్వాత ఆకాశానికి ఎక్కింది. 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన ఒక లూబ్రికెంట్ కంపెనీ పెట్టాడు. 1909లో ఆముదం కలిపిన ఒక ఇంజన్ ఆయిల్ తెచ్చాడు. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ అంటారు కదా, దాన్నుంచే ఆ ఆయిల్‌కి క్యాస్ట్రాల్ అని పేరు. మీ బైకు ఆయిల్ డబ్బా మీద రోజూ చూసే పేరు వెనక మన ఆముదం గింజ ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలో చాలా విమానాలకి రోటరీ ఇంజన్లు ఉండేవి. ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేది. వాటిలో పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేస్ గుండానే పోయేది. మామూలు మినరల్ ఆయిల్ పెట్రోల్లో కరిగిపోయి పల్చబడి కొట్టుకుపోతుంది. ఆముదం పెట్రోల్లో అంత తేలిగ్గా కరగదు. అందుకని ఆముదమే గతి. ఇంజన్‌లోకి పోసిన ఆముదమంతా కాలకుండానో సగం కాలో బయటికి చిమ్మేది, పైలట్ల మొహాల మీద పడేది. పాపం, ఆముదం తాగితే ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు.

అమెరికా యుద్ధంలోకి దిగేసరికి ఆముదం కరువొచ్చింది. వాళ్ళు ఏం చేశారంటే, ఆసియా నుంచి గింజలు తెప్పించి, దాదాపు లక్ష ఎకరాల్లో సాగుకి ఏర్పాట్లు చేశారు. అదే సమయంలో ఇంకోవైపు ఆముదం అవసరంలేని మినరల్ ఆయిల్ తయారుచేసుకున్నారు. ఈ రెండో దారే గెలిచింది. ఎందుకంటే ఆముదానికి ఒక పెద్ద రోగం ఉంది. వేడికి అది జిగురై, లక్కలా గట్టిపడి పిస్టన్ రింగులకి అంటుకుంటుంది. ప్రతి కొన్ని గంటలకీ ఇంజన్ విప్పి శుభ్రం చేసే సైన్యానికి సరేగానీ, సంవత్సరాలు నడవాల్సిన లారీకి పనికిరాదు. అందుకే, "అన్నా, ఆముదం ఎస్ఏఈ 50 అన్నావుగా, బుల్లెట్లో పోయొచ్చా" అని అడగబోతున్న వాళ్ళకి: వద్దు నాయనా.

ఇక ఈ నంబర్ల సంగతి. అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1905లో పుట్టింది, దాన్నే ఎస్ఏఈ అంటాం. 1911లో వాళ్ళు ఆయిళ్ళకి చిక్కదనం నంబర్లు మొదలుపెట్టారు. అంతకుముందు లైట్, మీడియం, హెవీ అని ఎవరికి తోచింది వాళ్ళు అనేవాళ్ళు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ హెవీ. నంబర్లు వచ్చాక 30 అంటే ఎక్కడైనా 30.

ఈనాటి లెక్క ఇలా ఉంటుంది. వెనక నంబర్ 100 డిగ్రీల దగ్గర, అంటే ఇంజన్ బాగా వేడెక్కాక, ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్తుంది. సెంటీస్టోక్స్ అనే కొలతలో 20 గ్రేడు 6.9 నుంచి 9.3 లోపు, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు. ముందు నంబరు పక్కన ఉండే డబ్ల్యూ, చలికాలానికి గుర్తు. 20డబ్ల్యూ అయితే మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూ మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూ మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూ మైనస్ 35 దగ్గర స్టార్టింగ్ పరీక్ష పాసవ్వాలి. మైనస్ 35 అంట! ఉదయగిరిలో మే నెలలో నలభై దాటుతుంది. మనకి ఆ ముందు నంబర్‌తో పనేంటి అనిపిస్తుంది కదా. ఆ అనుమానం దగ్గరికి మళ్ళీ వస్తా.

పాతకాలంలో ఒకే నంబర్ ఆయిల్. చలికి ఒకటి, ఎండకి ఒకటి మార్చుకోవాలి. 1950ల నుంచి మల్టీగ్రేడ్‌లు బజారులోకి వచ్చాయి. పల్చటి ఆయిల్ తీసుకుని దాంట్లో ఒక పాలిమర్ కలుపుతారు. ఆ పాలిమర్ అణువు చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, వేడెక్కితే విచ్చుకుని ఆయిల్ మరీ పల్చబడకుండా ఆపుతుంది. అందుకని ఒకే డబ్బా మీద రెండు నంబర్లు.

మన పశ్చిమ నెల్లూరులో ఈ నంబర్లు ఇంటింటి మాట అయ్యింది కార్ల వల్ల కాదు. బావుల వల్ల. తూర్పున పెన్నా డెల్టాలో కాలవలు పారతాయి. మనది మెట్ట. సోమశిల డ్యామ్ మన పక్కనే ఉన్నా, ఎత్తు మీదున్న ఊళ్ళకి బావే దిక్కు. కపిల పోయి ఆయిల్ ఇంజన్ వచ్చింది. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుణెలో 1946లో మొదలైంది. అలాంటి అయిదు గుర్రాల డీజిల్ ఇంజన్ ఒకటి బావి గట్టు మీద బిగిస్తే, అది డుగ్ డుగ్ డుగ్ అంటూ పొద్దస్తమానం నీళ్ళు తోడేది. దాన్లోకి కావాల్సింది 30 నంబరో, 40 నంబరో ఆయిల్. మన ఎండకి అందరూ 40 అనేవాళ్ళు. ఇవాళ్టికీ పెద్దవాళ్ళు షాపులో "నలభై నంబర్ ఆయిల్ ఇయ్యి" అంటారు, మల్టీగ్రేడ్ ఇచ్చినా సరే పేరు మాత్రం నలభై నంబరే.

దొరకని కాలం కూడా ఒకటి వచ్చింది. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించింది. రంగూన్ పక్కన సిరియంలో ఉన్న రిఫైనరీ శత్రువుల చేతికి చిక్కకూడదని బ్రిటిష్ వాళ్ళే ధ్వంసం చేసి వెళ్ళిపోయారు. మనకి వచ్చే పెట్రోలియంలో పెద్ద భాగం ఆగిపోయింది. పెట్రోలుకి రేషన్. బస్సుల వెనక కొలిమి లాంటిది కట్టి, బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపారు. బొగ్గు బస్సు అని మన తాతల తరం చెప్పుకునేది అదే. ఆ యుద్ధకాలంలోనే, 1940లో ఏర్పడిన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా బోర్డుకి శాంతిస్వరూప్ భట్నాగర్ నాయకత్వం వహించాడు. ఆ బోర్డు తొలి ఫలితాల్లో ఒకటి, ఇంధనంగానూ లూబ్రికెంట్‌గానూ వాడేందుకు వెజిటబుల్ నూనెల మిశ్రమాలు. ఆ బోర్డే 1942కల్లా సీఎస్ఐఆర్‌కి దారితీసింది. అంటే ఈ దేశంలో అతి పెద్ద పరిశోధనా సంస్థ మొదటి అడుగుల్లో ఒకటి, "ఇంజన్ ఆయిల్ దొరకట్లేదు, బదులు ఏం వాడదాం" అనే ప్రశ్న. మన ఉదయగిరి తమ్ముడు ఒంటరివాడేం కాదు.

స్వాతంత్ర్యం తర్వాత బంకులన్నీ విదేశీ కంపెనీలవే: బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్. విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పెట్టిందే. తర్వాత ఇండియన్ ఆయిల్ వచ్చింది, 1972లో సర్వో అనే సొంత బ్రాండ్ తెచ్చింది. 1974లో ఎస్సో హిందుస్తాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్ జాతీయం అయ్యి, తర్వాత భారత్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ కూడా ప్రభుత్వం చేతికి వచ్చి 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసిపోయింది.

అప్పటి నుంచి 1990ల మొదటి దాకా ఉన్న ఆ కాలమే మన షాపాయన్ని తయారుచేసింది. దేశంలో ఉన్న బళ్ళు ఎన్ని రకాలు? అంబాసిడర్, ఫియట్, టాటా లారీ, లేలాండ్ లారీ, నాలుగు రకాల ట్రాక్టర్లు, బుల్లెట్. అన్నీ పాత డిజైన్లు. లోపల భాగాల మధ్య ఖాళీలు వదులు. ఆయిల్ కొంచెం చిక్కనైనా ఒకటే, కొంచెం పల్చనైనా ఒకటే. దిగుమతి మీద ఆంక్షలు కాబట్టి రకాలూ తక్కువే. పల్లెటూళ్ళలో సీల్డ్ డబ్బా కూడా కొనరు, డ్రమ్ము నుంచి లీటరు కొలతతో లూజుగా పోయించుకునేవాళ్ళు. ఒకే డ్రమ్ము నుంచి లారీకీ, ట్రాక్టరుకీ, బావి ఇంజనుకీ, బుల్లెట్‌కీ. అన్నీ నడిచాయి. అలాంటి కాలంలో పాతికేళ్ళు షాపు నడిపినాయన "అన్నీ ఒకటే" అనక ఏమంటాడు?

1990ల మొదట్లో సరళీకరణతో లూబ్రికెంట్ వ్యాపారం తెరిచారు. షెల్, మొబిల్, గల్ఫ్, ఎల్ఫ్ అన్నీ దిగాయి. అదే కాలానికి బళ్ళు కూడా మారిపోయాయి. ఇక్కడి నుంచి ఆ మాట అబద్ధమవడం మొదలైంది, మొదట బైకుల్లో.

మీ స్ప్లెండరో, పల్సరో తీసుకోండి. ఇంజన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారులో క్లచ్ ఆయిల్లో ఉండదు, పొడిగా ఉంటుంది. 1990ల్లో కార్ల ఆయిళ్ళకి మైలేజీ కోసం జారుడు పెంచే మందులు ఎక్కువ కలపడం మొదలుపెట్టారు. ఆ ఆయిల్ బైకులో పోస్తే? క్లచ్ ప్లేట్లు కూడా జారతాయి. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి పోదు. అందుకని జపాన్ వాళ్ళు 1998లో జాసో అనే సొంత ప్రమాణం పెట్టారు. జాసో ఎంఏ లేదా ఎంఏ2 అంటే క్లచ్ ఆయిల్లో ఉండే బైకులకి. ఎంబీ అంటే క్లచ్ వేరుగా ఉండే స్కూటర్లకి. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఈ గొడవ లేదు, దాని ఇంజన్, క్లచ్, గేర్‌బాక్సు మూడూ వేరువేరు గదులు. 20డబ్ల్యూ-50 పోసుకుని హాయిగా తిరిగేది. ఆ తర్వాత వచ్చిన ఒకే గది బుల్లెట్లకి 15డబ్ల్యూ-50, జాసో ఎంఏ2 అడుగుతారు. పేరు అదే బుల్లెట్, కడుపు వేరు.

ఇంకో అక్షరాల జత కూడా చూడాలి, ఏపీఐ. ఎస్ఏఈ నంబర్ చొక్కా సైజు అనుకోండి, ఏపీఐ ఆ బట్ట నాణ్యత. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకి, సి అయితే డీజిల్‌కి. తర్వాతి అక్షరం ముందుకి పోయేకొద్దీ కొత్తది. ఎస్ఏ రకంలో మందులేం ఉండవు, దాదాపు ఉత్త నూనె. 2020లో వచ్చింది ఎస్‌పీ. నేను సాఫ్ట్‌వేర్లో పని చేసినవాణ్ణి కాబట్టి నాకు ఇది తేలిగ్గా ఎక్కింది: కొత్త వెర్షన్ పాతదాని పని కూడా చేస్తుంది, పాత వెర్షన్ కొత్తదాని పని చేయదు. ఎస్ఎమ్ అడిగిన బండికి ఎస్ఎన్, ఎస్‌పీ పోయొచ్చు. ఎస్‌పీ అడిగిన బండికి ఎస్ఎఫ్ పోయకూడదు. మన షాపుల్లో చవకగా దొరికే కొన్ని డబ్బాల వెనక చిన్న అక్షరాల్లో ఇంకా ఎస్ఎఫ్, సీఎఫ్ కనిపిస్తాయి. ముందు వైపు బొమ్మ కాదు, వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, పాత బళ్ళ ప్రేమికులు వినాలి. ఆయిల్లో జింక్, భాస్వరం ఉండే ఒక మందు కలుపుతారు, కామ్, ట్యాపెట్ అరగకుండా. భాస్వరం సైలెన్సర్లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని, కొత్త పల్చటి గ్రేడ్లలో దాన్ని 0.08 శాతానికి మించకుండా కట్టడి చేశారు. అంబాసిడర్, పాత బుల్లెట్ లాంటి వాటికి ఆ మందు ఎక్కువ కావాలి. చిక్కటి 20డబ్ల్యూ-50 మీద ఆ పరిమితి లేదు కాబట్టి అదే వాడుకోండి. ఖరీదు ఎక్కువ కదా అని 0డబ్ల్యూ-20 పోస్తే పాత ఇంజన్‌కి మేలు కాదు, కీడు.

ఇప్పుడు మన తమ్ముడి కారు. కొత్త ఇంజన్లలో బేరింగుల ఖాళీలు, ఆయిల్ దారులు, ఆయిల్ పంపు, అన్నీ పల్చటి ఆయిల్‌ని లెక్కలో పెట్టుకుని చేస్తారు. వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని మార్చే యంత్రాంగం కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే, సన్నటి రంధ్రాల గుండా పని చేస్తుంది. 0డబ్ల్యూ-20 బదులు 20డబ్ల్యూ-40 పోస్తే వెనక నంబర్ రెండు మెట్లు ఎక్కింది, ముందు నంబర్ కూడా మారిపోయింది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పై దాకా చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఇందాక ఆపిన అనుమానం ఇదే. ఉదయగిరిలో మైనస్ 35 లేదు, నిజమే. కానీ 25 డిగ్రీల పొద్దున కూడా, 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనంతో పోలిస్తే ఏ ఆయిలైనా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చల్లటి స్టార్టింగ్‌లో 0డబ్ల్యూ గబగబా పారుతుంది, 20డబ్ల్యూ నింపాదిగా పారుతుంది. ఇంజన్ అరుగుదలలో చాలా భాగం ఆ మొదటి క్షణాల్లోదే. మైలేజీ కూడా తగ్గుతుంది. వారంటీలో ఉన్న కారైతే రేపు ఏదైనా అయినప్పుడు సర్వీసు సెంటర్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఏ ఆయిల్ పోశారు అనే.

మరి బదులు ఏంటి? 0డబ్ల్యూ-20కి దగ్గరి చుట్టం 5డబ్ల్యూ-20. అది మన దగ్గర ఇంకా అరుదు. తర్వాతది 5డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్ఎన్ లేదా ఎస్‌పీ, ఫుల్ సింథటిక్. ఇది ఆత్మకూరులో కాకపోయినా నెల్లూరులో ఏ పెద్ద షాపులోనైనా దొరుకుతుంది. చాలా మాన్యువల్స్‌లో ఉష్ణోగ్రత పట్టిక పక్కన ఇది కూడా రాసి ఉంటుంది, ఆ పేజీ చూడండి. ఉంటే నిశ్చింతగా పోయండి. లేకపోతే ఒక ఆయిల్ చేంజ్‌కి గట్టెక్కడానికి వాడి, తర్వాత అసలుది తెప్పించుకోండి. నెల్లూరు నుంచి ఆర్టీసీ కార్గోలో వేయిస్తే ఉదయగిరి బస్టాండులో తీసుకోవచ్చు. ఆయిల్ చెడిపోయే సరుకు కాదు, సీలు తీయకుండా నీడలో పెడితే ఏళ్ళు ఉంటుంది. కాబట్టి రెండు డబ్బాలు ఒకేసారి కొనిపెట్టుకోవడమే అసలైన పరిష్కారం. ఇప్పుడు 0డబ్ల్యూ-16 అడిగే కార్లు కూడా వచ్చాయి. వాటికి 0డబ్ల్యూ-20 ఒక మెట్టు పైన, అత్యవసరానికి అది. అక్కడి నుంచి 40కి దూకొద్దు.

మిగతా బళ్ళకి ఇదే తర్కం. ముందు నంబర్ తగ్గితే నష్టం లేదు: 20డబ్ల్యూ-40 బదులు 10డబ్ల్యూ-40 పోయొచ్చు, బైకైతే జాసో ఎంఏ ఉంటే చాలు. వెనక నంబర్ మాత్రం తగ్గించొద్దు. 40 అడిగిన ఇంజన్‌కి మన ఎండలో 20 పోస్తే, నిండు లోడు మీద బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలవదు. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30 అని ఉంటుంది, ఊళ్ళో అందరూ 20డబ్ల్యూ-40 పోస్తారు. మన ఎండకి బండి ఆగిపోదు, పొద్దున్నే కొంచెం బరువుగా లేస్తుంది, మైలేజీ కాస్త తింటుంది. నా మాట అడిగితే, 10డబ్ల్యూ-30 ఇప్పుడు ఉదయగిరిలో కూడా దొరుకుతోంది కదా, అదే తీసుకోండి.

బావి ఇంజన్‌కి నలభై నంబర్ సింగిల్ గ్రేడ్ దొరక్కపోతే డీజిల్ 15డబ్ల్యూ-40, సీఎఫ్-4 గానీ సీఐ-4 గానీ. 100 డిగ్రీల దగ్గర రెండూ ఒకే పెట్టెలోవి. బాగా అరిగిపోయిన ఇంజనైతే ఆయిల్ కొంచెం ఎక్కువ తాగొచ్చు, డిప్‌స్టిక్ రోజూ చూసుకోండి.

కొత్త డీజిల్ బళ్ళవాళ్ళు మాత్రం జాగ్రత్త. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది. చాలా డీజిల్ కార్లకి సైలెన్సర్లో పొగ నుసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. మామూలు ట్రాక్టర్ ఆయిల్లోని మందులు కాలి బూడిదై ఆ ఫిల్టర్‌ని మెల్లగా పూడ్చేస్తాయి. బూడిద తక్కువ ఉండే ఆయిల్ అని మాన్యువల్లో ప్రత్యేకంగా రాస్తారు. ఇక్కడ బదులు అనేదే లేదు. నంబర్ ఒకటే కదా అని ట్రాక్టర్ 15డబ్ల్యూ-40 పోస్తే, ఆ ఫిల్టర్ మార్చడానికి అయ్యే ఖర్చుతో ఒక పాత బైకు వస్తుంది. నాకు తెలిసిన ఒకాయన ఒక వర్క్‌షాపులో అలాగే పోయించుకుని ఈ సంగతి కష్టం మీద తెలుసుకున్నాడు.

రోడ్డు మీద ఆయిల్ తగ్గి, లైటు వెలిగితే? అప్పుడు లెక్క వేరు. ఏపీఐ ఆయిళ్ళు ఒకదానితో ఒకటి కలిసేలా ఉండాలన్నది నిబంధనల్లోనే ఉంది. వేరే బ్రాండు కలిపితే పాలలా విరిగిపోతుందనేది అపోహ. మర్రిపాడు ఘాట్‌లో ఆయిల్ లేకుండా నడపడం కంటే, దొరికిన ఇంజన్ ఆయిల్ అరలీటరు పోసుకుని ఊరు చేరడం మేలు. చేరాక మార్చేయండి. గేర్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, కాలిన ఆయిల్ మాత్రం ఎంత అవసరమైనా ఇంజన్లో పోయొద్దు. ఇంకొకటి, ఖాళీ అయిన డబ్బాని మెకానిక్ దగ్గర వదలొద్దు. మేకుతో రెండు కన్నాలు పొడిచి పారేయండి. దాన్లో ఏదో ఒకటి నింపి మళ్ళీ మనకే అమ్మేవాళ్ళున్నారు.

చివరగా టూ-స్ట్రోక్ అన్నలు. ఆత్మకూరు వైపు ఇంకా యెజ్డీలు, ఆర్ఎక్స్ 100లు, పాత టీవీఎస్ 50లు బతికున్నాయి, నాకు చాలా ఇష్టం. 2టీ ఆయిల్ మెల్లగా రాక్‌ల నుంచి మాయమవుతోంది. "లేదు, కొంచెం 20డబ్ల్యూ-40 కలిపి పెట్రోలు పోస్తా" అనే బంకు సలహా వినొద్దు. 2టీ అనేది పెట్రోలుతో పాటు కాలిపోవడానికి చేసింది. ఇంజన్ ఆయిల్లోని మందులు కాలితే ప్లగ్గు మీద, పిస్టన్ తల మీద బూడిద పేరుకుంటుంది, రెండు ట్యాంకులకే బండి మొరాయిస్తుంది. జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ రాసి ఉన్న లీటరు సీసా నెల్లూరు నుంచి తెచ్చుకుంటే, లీటరు పెట్రోలుకి 20 నుంచి 50 మిల్లీలీటర్లే కాబట్టి, చాలా రోజులొస్తుంది. ఎంత కలపాలో మీ బండి ట్యాంకు మూత మీదో, పుస్తకంలోనో ఉంటుంది, అదే కొలత. కంటితో చూసి పోయొద్దు, చిన్న మందు సీసా మూత ఒకటి సీటు కింద పెట్టుకోండి.